వ్యూషెడ్ రన్ అయింది, మ్యాప్ మీద ఏమీ రాలేదు: ఎక్కడ వెతకాలి?

రాత్రి పదకొండు దాటాక మా ఊరి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఎం.టెక్ ప్రాజెక్టు, మర్నాడు రివ్యూ. (వ్యూషెడ్ అంటే ఒక చోట నిలబడితే ఏ నేల కనబడుతుందో, ఏది కనబడదో లెక్కగట్టే పటం.) “అన్నా, వ్యూషెడ్ రన్ చేశా. ఫినిష్డ్ అని వచ్చింది. లేయర్ల లిస్టులో పేరు కూడా పడింది. మ్యాప్ మీద మాత్రం ఏమీ లేదు. నాలుగోసారి ఇది.”

“ఆ లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి, జూమ్ టు లేయర్ అను.”

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, “అన్నా, ఏదో ఉంది. చిన్న ముక్క. నలుపూ తెలుపూ గళ్లు.”

ఆ ముక్క పొడవు 200 మీటర్లు, వెడల్పు 200 మీటర్లు. హైదరాబాద్ మొత్తం కనిపించే మ్యాప్‌లో అది సూదిమొనంత కూడా ఉండదు. అవుట్‌పుట్ నాలుగుసార్లూ వచ్చింది, అతనే చూడలేదు. టూల్‌లో మ్యాగ్జిమమ్ డిస్టెన్స్ అనే గడి ఉంటుంది. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ అందులో ముందే 100 అని నింపి పెడుతుంది. దాన్ని మార్చకుండా రన్ కొడితే పరిశీలకుడి చుట్టూ 100 మీటర్ల వరకే లెక్క జరుగుతుంది, ఫైలు కూడా అంత మేరకే కత్తిరించి వస్తుంది. పిక్సెల్‌కి 30 మీటర్ల డీఈఎం (నేల ఎత్తుల అంకెల పటం) మీద అంటే ముక్క ఒక్కో భుజానికి ఏడెనిమిది పిక్సెళ్లు.

వ్యూషెడ్ కనబడలేదని నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కున్నది ఈ గడి దగ్గరే. అందరిదీ అదే కాదు కాబట్టి, నేను వెతికే వరసలోనే మొత్తం చెబుతాను. ఉదాహరణకు గోల్కొండ తీసుకుందాం. కోట గుట్ట కొసనున్న బాలాహిస్సార్ మీద నిలబడితే ఎంత మేర కనిపిస్తుంది అన్నది ప్రశ్న. గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. కుతుబ్‌షాహీ సమాధులు కిలోమీటరు దూరం, చార్మినార్ దాదాపు 8 కిలోమీటర్లు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైకి వినబడుతుందని గైడ్లు చేసి చూపిస్తారు కదా. మనం వినబడటం సంగతి వదిలేసి కనబడటం లెక్క వేస్తున్నాం. సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, అందులో జీడాల్ (మ్యాపు ఫైళ్లను నడిపే ఉచిత ప్రోగ్రాముల కట్ట) వాళ్ల వ్యూషెడ్ టూల్.

ముందు ఖాళీ ఏ రకమో తేల్చండి

“అవుట్‌పుట్ రాలేదు” అనే మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. అసలు ఫైలే పుట్టకపోవడం ఒకటి. ఫైలు ఉండి కంటికి కనబడకపోవడం రెండోది. ఫైలు కనబడుతున్నా అందులో అన్నీ సున్నాలే ఉండటం మూడోది. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. ఇది తేల్చుకోకుండా అబ్జర్వర్ హైట్ మార్చి, డీఈఎం మార్చి, చివరికి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లు కూడా నాకు తెలుసు.

తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. లేయర్ల లిస్టులో పేరు లేకపోతే మొదటి రకం. పేరు ఉంటే ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ‘రాస్టర్ లేయర్ యూనిక్ వాల్యూస్ రిపోర్ట్’ అని వెతికి, ఆ లేయర్ మీద నడపండి. ఏ విలువ ఎన్ని పిక్సెళ్లలో ఉందో పట్టిక ఇస్తుంది. జీడాల్ మామూలుగా కనబడే చోట 255, కనబడని చోట 0 రాస్తుంది. పట్టికలో 255 ఉంటే లెక్క జరిగినట్టే, మీ సమస్య చూపులోనో రంగులోనో ఉంది. 0 ఒక్కటే ఉంటే మూడో రకం. కళ్లతో మ్యాప్‌ని చూసి తేల్చకండి, ఈ పట్టికను నమ్మండి.

మొదటి మెట్టు: లాగ్ చదవండి

రన్ కొట్టాక డైలాగ్‌ను వెంటనే మూసేయడం అందరికీ అలవాటు. మూయకండి. లాగ్ ట్యాబ్‌లో, జీడాల్‌కి క్యూజీఐఎస్ పంపిన కమాండ్ మొత్తం ఒక లైనులో ఉంటుంది. ఎర్ర అక్షరాలు ఏమైనా ఉంటే దాని కిందే ఉంటాయి.

‘నాట్ రికగ్నైజ్డ్ యాజ్ యాన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్’ అని ఉంటే మీ మెషీన్‌లో ఆ ప్రోగ్రామే లేదు. జీడాల్‌లో వ్యూషెడ్ 2020లో వచ్చిన 3.1 వెర్షన్‌తో మొదలైంది. కాలేజీ ల్యాబుల్లో అంతకన్నా పాత ఇన్‌స్టాలేషన్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. కొత్త క్యూజీఐఎస్ వేసుకుంటే సరిపోతుంది.

పరిశీలకుడి స్థానం డీఈఎం పరిధి బయట ఉందన్న అర్థం వచ్చే వాక్యం కనిపిస్తే నేరుగా మూడో, నాలుగో మెట్లకు వెళ్లండి.

లేయర్లు సరిగా తయారు కాలేదని మాత్రమే చెప్పి ఊరుకుంటే, ఫైలు రాయాల్సిన దారిని అనుమానించండి. ఫోల్డర్ పేర్లలో తెలుగు అక్షరాలు, పెన్‌డ్రైవ్, క్లౌడ్‌తో సింక్ అయ్యే డెస్క్‌టాప్, అదే పేరుతో ముందే తెరిచి ఉన్న ఫైలు, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. డీ డ్రైవ్‌లో జీఐఎస్ అని ఇంగ్లిష్‌లో చిన్న పేరుతో ఫోల్డర్ పెట్టి, కొత్త ఫైలు పేరుతో అందులోకి రాయించండి. ఇంకొకటి: అవుట్‌పుట్ గడిని ఖాళీగా వదిలేస్తే ఫైలు తాత్కాలికంగా ఉంటుంది, క్యూజీఐఎస్ మూయగానే పోతుంది. “నిన్న వచ్చింది, ఇవాళ లేదు” అనేవాళ్ల కథ ఇదే. రన్ అయ్యాక ఫైలు తెరవమనే టిక్ తీసేసి ఉన్నా లేయర్ రాదు, కానీ ఫైలు ఫోల్డర్‌లో ఉంటుంది.

రెండో మెట్టు: దూరం

కుర్రాడి కథ పైన చెప్పాను కాబట్టి పని మాత్రం చెబుతాను. గోల్కొండకు మ్యాగ్జిమమ్ డిస్టెన్స్ 10000 ఇవ్వండి, చార్మినార్ లోపలికొస్తుంది. సున్నా ఇస్తే హద్దు లేకుండా డీఈఎం అంతటికీ లెక్క వేస్తుంది. ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్ష నౌక నుంచి కొలిచిన డీఈఎం) టైల్ ఒకటంటే 3601 వరసలు, 3601 నిలువులు, అంటే 1 కోటి 29 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. మొదటి ప్రయత్నానికి అంత అవసరం లేదు.

వృత్తం బయటి పిక్సెళ్లకు కూడా జీడాల్ 0నే రాస్తుంది. అంటే “కొండ అడ్డొచ్చింది” అన్నదానికీ “నేను అంత దూరం చూడనేలేదు” అన్నదానికీ ఒకటే అంకె. ఇది నాకు మొదటినుంచీ నచ్చదు. అడ్వాన్స్‌డ్ భాగంలో అదనపు కమాండ్ పారామీటర్ల గడి ఉంటుంది. అందులో మైనస్ గుర్తు పెట్టి, పక్కనే ఓ, వీ అనే రెండు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు రాసి, ఒక స్పేస్ ఇచ్చి 100 వేయండి. ఇక పరిధి బయట 100, అడ్డు పడ్డచోట 0, కనబడేచోట 255. మూడూ విడివిడిగా తెలుస్తాయి.

మూడో మెట్టు: సీఆర్ఎస్

ఎక్కువ సమయం తినేది ఇదే, నిదానంగా చూద్దాం. సీఆర్ఎస్ అంటే ఫైల్లోని స్థానాల అంకెలు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో చెప్పేది.

దిగుమతి చేసుకున్న డీఈఎం, అది ఎస్‌ఆర్‌టీఎం అయినా, ఇస్రో వాళ్ల భువన్ సైటు నుంచి తీసుకున్న కార్టోడెమ్ అయినా, మామూలుగా అక్షాంశ రేఖాంశాల్లో ఉంటుంది, ఆ సీఆర్ఎస్ కోడ్ నంబరు ఈపీఎస్‌జీ 4326. అందులో పిక్సెల్ వెడల్పు డిగ్రీల్లో, ఎత్తేమో మీటర్లలో. మీరు దూరం గడిలో 10000 రాస్తే టూల్ దాన్ని 10000 డిగ్రీలుగా తీసుకుంటుంది. 100 రాస్తే 100 డిగ్రీలు, అంటే ఇక్కణ్నుంచి పసిఫిక్ దాకా. భూమి వంపు లెక్క కూడా దూరం మీదే ఆధారపడుతుంది కాబట్టి అదీ పోతుంది. ప్రొజెక్టెడ్ సీఆర్ఎస్ ఉంటేనే ఫలితానికి అర్థం ఉంటుందని జీడాల్ వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంది.

కాబట్టి డీఈఎంను మీటర్లలో కొలిచే ప్రొజెక్టెడ్ సీఆర్ఎస్ అయిన యూటీఎంలోకి మార్చాలి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగానికి జోన్ 44 ఉత్తరం, ఈపీఎస్‌జీ 32644. ఇది 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు. అందరికీ ఇదేనని బట్టీ పట్టకండి. అనంతపురం, ఆదోని, జహీరాబాద్ 78కి పడమరన ఉన్నాయి, వాటిది 32643. ఇటు పలాస, ఇచ్ఛాపురం 84 దాటాయి, వాటిది 32645.

మార్చడం అంటే రాస్టర్ మెనూలో ప్రొజెక్షన్స్, అందులో వార్ప్. టార్గెట్ సీఆర్ఎస్ 32644, రిజల్యూషన్ 30, రీశాంప్లింగ్ బైలీనియర్. నియరెస్ట్ నైబర్ పెడితే నేలలో మెట్లు మెట్లుగా దొంగ గట్లు లేస్తాయి, చూపుకి అవే అడ్డొస్తాయి.

ఇక్కడే రెండు గుంటలున్నాయి. మొదటిది, లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి సెట్ లేయర్ సీఆర్ఎస్‌లో 32644 ఎంచుకోవడం. దాంతో అంకెలు మారవు, డబ్బా మీద లేబుల్ మారుతుంది అంతే. కారం డబ్బాకి పంచదార అని చీటీ అంటించినట్టు. 78.40 అనే రేఖాంశం ఇప్పుడు 78.40 మీటర్లు అయిపోతుంది. రెండోది, క్యూజీఐఎస్ కింద కుడి మూలన కనిపించే సీఆర్ఎస్ చూసి మోసపోవడం. అది ప్రాజెక్టుది, లేయర్‌ది కాదు. లేయర్లన్నిటినీ అక్కడికక్కడ మార్చి ఒకదాని మీద ఒకటి చూపిస్తుంది కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. టూల్ మాత్రం ఫైల్లో ఉన్న అసలు అంకెల్నే చదువుతుంది.

సరిచూసుకోవడానికి లేయర్ ప్రాపర్టీస్‌లో ఇన్ఫర్మేషన్ పేజీ తెరిచి పిక్సెల్ సైజు చూడండి. 30 అని ఉంటే మీటర్లు. 0.000277 అని ఉంటే మీరింకా డిగ్రీల్లోనే ఉన్నారు.

నాలుగో మెట్టు: పరిశీలకుణ్ని ఎక్కడ నిలబెట్టారు

గూగుల్ మ్యాప్స్‌లో గోల్కొండ మీద నొక్కితే 17.38, 78.40 అని వస్తుంది. అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. క్యూజీఐఎస్ గడి అడిగేది ఎక్స్, వై. అంటే రేఖాంశం ముందు. ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పెడితే మన పరిశీలకుడు తూర్పు 17, ఉత్తరం 78 దగ్గర తేలతాడు. అది ఆర్కిటిక్‌లో నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవులు. అక్కణ్నుంచి చార్మినార్ కనబడలేదని సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు.

తలకిందులు సరిచేసి 78.40, 17.38 అని రాసినా పని కాకపోవచ్చు. అంకెల పక్కన సీఆర్ఎస్ లేకపోతే వాటిని డీఈఎం యూనిట్లలోనే, అంటే యూటీఎం మీటర్లుగా తీసుకుంటుంది. ఆ లెక్కన మనవాడు భూమధ్యరేఖ మీద హిందూ మహాసముద్రంలో ఉంటాడు. గోల్కొండ యూటీఎం అంకెలు రమారమి తూర్పు 2 లక్షల 23 వేల చిల్లర, ఉత్తరం 19 లక్షల 23 వేల చిల్లర. మొదటిది ఆరంకెలు, రెండోది ఏడంకెలు. మన రాష్ట్రాల్లో ఎక్కడైనా దాదాపు ఈ వాలకమే ఉంటుంది. లాగ్‌లోని కమాండ్ లైనులో ఎక్స్, వై ఏమని వెళ్లాయో చూస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అంకెలు చేత్తో రాయకుండా, గడి పక్కన మూడు చుక్కల బటన్ నొక్కి మ్యాప్ మీద క్లిక్ చేస్తే ఈ గోల ఉండదు. దాని గోల దానికుంది. దూరంగా జూమ్ అయి ఉండగా క్లిక్ చేస్తే పాయింట్ అరవై డెబ్బై మీటర్లు పక్కకి జరుగుతుంది. చదునైన నేల మీద పర్వాలేదు. గుట్ట మీద మాత్రం శిఖరం దాటి అవతలి వాలు మీద పడుతుంది. అప్పుడు వీపు వెనక గుట్టే గోడ. ఒక పక్కన బాగానే వచ్చి, రెండో పక్క మొత్తం సున్నాలైతే ముందు దీన్నే అనుమానించండి. ఐడెంటిఫై టూల్‌తో శిఖరం చుట్టుపక్కల పది పిక్సెళ్లు నొక్కి, అన్నిటికన్నా ఎత్తున్న పిక్సెల్ నడిమధ్యన పాయింట్ పెట్టండి.

అబ్జర్వర్ హైట్ అంటే నేల మీద నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. మనిషికి 1.6, సెల్ టవర్ యాంటెన్నాకి 30 అలా. కొందరు ఇక్కడ కొండ ఎత్తు కూడా కలిపేస్తారు, అప్పుడు సున్నాలు రావు, ఊరంతా కనబడిపోతుంది. టార్గెట్ హైట్ కూడా అంతే. చార్మినార్ పునాది కనబడాలా, మినార్ల కొన కనబడితే చాలా అన్నది మీరు తేల్చుకుని ఆ మీటర్లు ఇవ్వాలి.

ఐదో మెట్టు: రంగు

రిపోర్టులో 255లు ఉన్నాయి, జూమ్ టు లేయర్ కూడా చేశారు, అయినా తెర అంతా నల్లగానో ఒకే బూడిదరంగుగానో ఉంది. సింబాలజీలో మినిమమ్, మ్యాగ్జిమమ్ అంకెలు చూడండి. రెండూ 0 ఉన్నా, వింతగా ఉన్నా, కారణం క్యూజీఐఎస్ వేగం కోసం కొన్ని పిక్సెళ్లే చూసి అంచనా వేయడం. కనబడే పిక్సెళ్లు తక్కువైతే ఆ అంచనాకి చిక్కవు. 0, 255 అని చేత్తో రాయండి. ఇంకా మేలైన దారి, రెండర్ టైప్‌లో ప్యాలెటెడ్ యూనిక్ వాల్యూస్ ఎంచి క్లాసిఫై కొట్టడం. 0కి రంగు తీసేసి 255కి ఎరుపు ఇస్తే కింద డీఈఎం కూడా కనిపిస్తుంది. లేయర్ వరసలో పైనే ఉందా అన్నది కూడా చూడండి. బేస్‌మ్యాప్ కింద దాక్కున్న వ్యూషెడ్‌లు నేను చాలా చూశాను, నావి కూడా కలిపి.

ఆరో మెట్టు: డీఈఎంలోనే దోషం

అన్నీ సరే, సున్నాలే వస్తున్నాయి. పరిశీలకుడున్న పిక్సెల్ ఎత్తు ఐడెంటిఫైతో చూడండి. గోల్కొండ దగ్గర వందల్లో ఉండాలి. -32768 అని ఉంటే అది డేటా లేని చోటికి వేసిన గుర్తు. ఆ గుర్తును (నోడేటా అంటారు) టూల్ నిజం ఎత్తనుకోవచ్చు. మీ మనిషి 32 కిలోమీటర్ల లోతు బావి అడుగున నిలబడి పైకి చూస్తున్నట్టు లెక్క, అక్కణ్నుంచి ఏం కనబడుతుంది! ఫిల్ నోడేటా టూల్‌తో గుంట పూడ్చండి, లేదా వేరే డీఈఎం తీసుకోండి.

రెండు రకాల డీఈఎంలను అతికించినప్పుడు ఇంకో తంటా. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు జియాయిడ్ నుంచి, అంటే దాదాపు సముద్రమట్టం నుంచి. కార్టోడెమ్ ఎత్తులు ఎలిప్సాయిడ్ నుంచి, అంటే భూమికి లెక్కలో గీసిన నున్నని ఆకారం నుంచి. మన ప్రాంతంలో ఈ రెంటికీ తేడా 70 మీటర్లకు పైనే. అందుకే కార్టోడెమ్‌లో కోస్తా ఊళ్లు సముద్రం కంటే కిందున్నట్టు మైనస్‌లో కనిపిస్తాయి. ఒక్కదాన్నే వాడితే వ్యూషెడ్‌కి ఇబ్బంది లేదు, నేలంతా ఒకేలా దిగుతుంది కదా. రెండూ కలిపితే అతుకు పొడవునా ఇరవై అంతస్తుల గోడ లేచినట్టే. మీ సున్నాలు తిన్నని గీత దగ్గర మొదలవుతుంటే అది ఈ గోడే.

ఏడో మెట్టు: చదును పరీక్ష

ఇది చాలామంది చేయరు. నేనైతే అరగంట దాటినా దోషం దొరక్కపోతే వెంటనే ఇదే చేస్తాను. టూల్‌బాక్స్‌లో క్రియేట్ కాన్‌స్టంట్ రాస్టర్ లేయర్ తెరిచి, మీ డీఈఎం హద్దులే ఇచ్చి, సీఆర్ఎస్ 32644, పిక్సెల్ 30, విలువ 500 పెట్టండి. బల్లపరుపు నేల తయారైంది. దాని మీద అదే పాయింట్‌తో, అబ్జర్వర్ 2, టార్గెట్ 0, దూరం 2000 ఇచ్చి వ్యూషెడ్ నడపండి. అడ్డే లేదు కాబట్టి వృత్తం నిండా 255 రావాలి.

వస్తే మీ సాఫ్ట్‌వేర్, దారి, పాయింట్ అన్నీ బాగున్నాయి, దోషం డీఈఎంలో ఉంది. రాకపోతే డీఈఎంని వదిలేసి మొదటి నాలుగు మెట్లు మళ్లీ ఎక్కండి. దూరం 2000కి మించి పెంచకండి. 2 మీటర్ల ఎత్తు నుంచి దిగంతం ఐదు కిలోమీటర్ల చిల్లరలోనే ఉంటుంది, ఆ పైన భూమి వంపే కనబడనివ్వదు. వంపు వల్ల నేల దిగడం 8 కిలోమీటర్ల దగ్గర 5 మీటర్లు, 30 కిలోమీటర్ల దగ్గర 70. గాలిలో వెలుగు కాస్త వంగుతుంది కాబట్టి జీడాల్ దీన్ని 0.857తో తగ్గిస్తుంది.

వేరే టూల్ వాడేవాళ్లకు రెండు ముక్కలు

గ్రాస్ అనే మరో మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోని ఆర్.వ్యూషెడ్ 255లు ఇవ్వదు. కనబడే పిక్సెల్‌కి చూపు కోణం రాస్తుంది, 90 అంటే కళ్లకి సమానంగా. కనబడని చోట నల్, అంటే ఖాళీ. అందువల్ల తెర మీద చాలా భాగం ఏమీ లేనట్టుండటం దాని సహజ రూపమే. 0, 1 కావాలంటే బీ అనే ఫ్లాగ్ పెట్టాలి. గ్రాస్ లెక్కంతా రీజియన్ అనే హద్దులోనే జరుగుతుంది. పాత ప్రాజెక్టు రీజియన్ వేరే జిల్లాలో ఉండిపోతే ఇక్కడ ఫలితం రాదు.

క్యూజీఐఎస్‌లో విజిబిలిటీ అనాలిసిస్ అనే ప్లగిన్ వాడేవాళ్లు ముందు క్రియేట్ వ్యూపాయింట్స్ నడపాలి. మామూలు పాయింట్ లేయర్‌ని నేరుగా ఇవ్వకూడదు. దూరం, ఎత్తులు ఆ మెట్టులోనే పాయింట్లకు అతుక్కుంటాయి.

ఇన్ని చూశాక కూడా ఒక వైపు సున్నాలే వస్తుంటే అదే నిజమైన జవాబు కావచ్చు. ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినది. చెట్ల పైభాగాలు, కట్టడాలు అందులో కొంత కలిసిపోయి ఉంటాయి. ఆ తర్వాత లేచిన అపార్ట్‌మెంట్లు ఉండవు. కుర్రాడికి చివర్న చెప్పింది కూడా ఇదే. ఫలితాన్ని ఫోన్‌లో వేసుకుని ఆదివారం పొద్దున్నే బాలాహిస్సార్ ఎక్కు, సమాధుల వైపు రెండు, చార్మినార్ వైపు రెండు, వెనక వైపు ఒకటి, ఐదు పాయింట్లు కళ్లతో సరిపోల్చి ఫొటోలు తీసి రిపోర్టులో పెట్టు. “రివ్యూ రేపే కదన్నా,” అన్నాడు. అయితే గడిలో 10000 రాసి ముందు రన్ కొట్టు, మెట్లు ఆదివారం ఎక్కుదువుగానీ అన్నాను.